ఎడారి ఈగలను ఫోటోలో గుర్తించడం: సొనోరన్ బీ ఫ్లైల రెక్కలు చదివే పద్ధతి

అరిజోనా దక్షిణ భాగం, కాలిఫోర్నియా ఆగ్నేయ మూల, మెక్సికోలోని సొనోరా రాష్ట్రం కలిసిన సొనోరన్ ఎడారిలో, వానలు వెనక్కి తగ్గిన సెప్టెంబరు ఉదయాల్లో, ఇసుక దారుల మీద రెక్కలు బార్లా చాపి కూర్చునే ఈగలు తరచుగా కనిపిస్తాయి. ఒంటి నిండా నూగు, సన్నని పొడవాటి కాళ్లు, రెక్కల మీద నలుపో గోధుమో రంగు పట్టీలు వీటి ఆనవాళ్లు. ఇవి బాంబిలిడే కుటుంబపు ఈగలు. బీ ఫ్లై అనే పేరే అందరి నోటా ఉంది కనుక ఇక్కడా అదే వాడుతున్నాను. ప్రపంచం మొత్తం మీద పేరు పెట్టిన బీ ఫ్లై జాతులు నాలుగున్నర వేలకు పైగా ఉన్నాయి. ఎండ, పొడి నేల, ఒంటరిగా గూడు కట్టుకునే తేనెటీగలు ఉన్న చోట ఇవి ఎక్కువగా ఉంటాయి కాబట్టి, ఎడారి ఈగల ఫోటోలు పోల్చడం నేర్చుకోవాలనుకునే వారికి వీటిని మించిన సాధన లేదు. ఫీనిక్స్, చాండ్లర్, టూసాన్ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగువారికైతే ఇవి ఇంటి వెనుక కాలిబాట మీదే దొరుకుతాయి.

ఈ ఈగల విషయంలో కొత్తవారు పడే ఇబ్బందికి మూలం ఒక్కటే: ముందుగా రంగును చూడటం. రెక్క మీద నల్ల పట్టీ కనిపించగానే, అలాంటి పట్టీ ఉన్న ఇంకో ఫోటో వెతికి, ఆ పేరు దీనికి పెట్టేస్తారు. అయితే ఒకదానికొకటి దూరపు చుట్టరికమే ఉన్న ప్రజాతుల్లో (ప్రజాతి అంటే దగ్గరి చుట్టరికం ఉన్న జాతుల గుంపు) ఒకే రకం పట్టీలు ఉండవచ్చు. ఒకే జాతిలో కొత్తగా వెలువడిన ఈగకూ, పక్షం రోజులు ఎండలో తిరిగి నూగు రాలిన ఈగకూ పోలిక లేకపోవచ్చు. కనుక ముందు నిర్మాణం, అంటే రెక్కలోని ఈనెలు, కంటి అంచు, స్పర్శశృంగం (యాంటెన్నా), ముఖం ఆకారం చూసి ప్రజాతిని తేల్చుకుని, ఆ తర్వాతే రంగును అడగాలి. ఈ వ్యాసంలో చెప్పే పద్ధతి అంతా ఈ వరుస మీదే ఆధారపడి ఉంది.

ఫోటో తీసే చోటే సగం పని

గుర్తించడానికి పనికొచ్చే ఫోటో, చూడటానికి అందంగా ఉండే ఫోటో తరచుగా వేరువేరు. పూల ముందు గాలిలో నిలిచిన బీ ఫ్లై చిత్రం ఎంత ముచ్చటగా ఉన్నా, అందులో రెక్కలు మసకగా కరిగిపోతాయి కాబట్టి ఈనెలు లెక్కపెట్టడానికి ఏమీ మిగలదు. ఈగ నేల మీదో, ఎండిన కొమ్మ మీదో వాలే వరకు ఆగి, కనీసం మూడు దిక్కుల నుంచి తీయాలి. మొదటిది నేరుగా పై నుంచి, రెండు రెక్కలూ పూర్తిగా ఫోకస్‌లో ఉండేలా. రెండోది ముందు వైపు కొంచెం పక్కగా, ముఖం, తొండం, స్పర్శశృంగాలు కనిపించేలా. మూడోది పక్క నుంచి, కాళ్లు, ఉదరం కింది భాగం, తల వెనుక కంటి అంచు తెలిసేలా. అవకాశం ఒక్కసారికే ఉంటే నేను పై నుంచి తీసే ఫోటోనే కోరుకుంటాను, ఎందుకంటే ప్రజాతిని తేల్చే ఆధారాల్లో ఎక్కువ భాగం రెక్కలోనే ఉంటుంది.

చాపిన రెక్క దాదాపు ఒకే తలంలో ఉంటుంది. కెమెరా సెన్సరును ఆ తలానికి సమాంతరంగా పట్టుకుంటే ఎఫ్ 8 అపర్చరుతోనే మొత్తం రెక్క స్పష్టంగా వస్తుంది, అదే వాలుగా పట్టుకుంటే ఎఫ్ 16 పెట్టినా కొస మసకబారుతుంది. ఫోన్‌తో తీసేవారు డిజిటల్ జూమ్ వాడకుండా, వీలైనంత దగ్గరికి వెళ్లి, వరుసగా పది ఫోటోలు తీసి తర్వాత కత్తిరించుకోవడం మేలు. ఎండ రెక్క మీద పడి ఇంద్రధనుస్సు మెరుపులా తిరిగి వస్తుంటే ఈనెలు మాయమవుతాయి. అప్పుడు ఒక అడుగు పక్కకు జరిగితే చాలు. లేత ఇసుక మీద కూర్చున్న ఈగ ఈనెలు చక్కగా తెలుస్తాయి, కానీ అదే ఇసుక మీద పడిన రెక్క నీడ, రెక్క మీద నిజంగా లేని మచ్చలను పుట్టిస్తుంది. పారదర్శకమైన రెక్క కింద ఈనెల నీడలు రెండో వరుస ఈనెలుగా కనిపించి లెక్క తప్పిస్తాయి. కాబట్టి అనుమానం వచ్చిన ప్రతి గీతనూ రెండో రెక్కలో కూడా ఉందో లేదో చూడాలి. నీడ అయితే రెండు వైపులా ఒకే తీరుగా పడదు.

మోకాళ్ల మీద కూర్చునే ముందు నేల చూసుకోవడం మరచిపోవద్దు. చోయా జెముడు ముళ్లు గుచ్చుకుంటే ఈగ సంగతి ఎవరికీ గుర్తుండదు.

ముందు కుటుంబం తేల్చుకోవాలి

తేనెటీగలా కనిపించేదంతా తేనెటీగ కాదు, బీ ఫ్లైలా కనిపించేదంతా బీ ఫ్లై కాదు. ఈగకు ఒకే జత రెక్కలు ఉంటాయి. వెనుక జత ఉండాల్సిన చోట చిన్న గుబ్బల వంటి హాల్టీర్లు ఉంటాయి. పక్క నుంచి తీసిన ఫోటోలో ఇవి సాధారణంగా కనిపిస్తాయి. స్పర్శశృంగాలు తేనెటీగలో మోచేతిలా మడిచినట్టు పొడవుగా ఉంటే, బీ ఫ్లైలలో చాలావరకు పొట్టిగా, మూడు భాగాలతో ఉంటాయి.

ఈగే అని తేలిన తర్వాత, పూల మీద తిరిగే సిర్ఫిడ్ ఈగను వేరు చేయడానికి రెక్క మధ్యలో ఏ ఈనెకూ అతకకుండా పొడవుగా సాగే దొంగ ఈనె వంటి ముడతను చూడాలి. బీ ఫ్లైలో అది ఉండదు. టాకినిడ్ ఈగకు ఉదరం మీద గట్టి ముళ్ల వంటి రోమాలు నిలబడి ఉంటాయి. రాబర్ ఫ్లైని, అంటే ఆసిలిడే కుటుంబపు వేట ఈగను, తల మీద రెండు కళ్ల మధ్య ఉండే గుంటతోనూ, ముఖం మీద దట్టమైన గడ్డం వంటి రోమాలతోనూ గుర్తుపట్టవచ్చు. జోరీగలకు కళ్లు తలంతా పరుచుకుని ఉంటాయి, ఒంటి మీద ఇంత నూగు ఉండదు.

ఈ దశను చాలామంది తెలిసిన విషయమే అని దాటేస్తారు. కానీ కుటుంబం దగ్గరే దారి తప్పితే ఆ తర్వాత ఎంత శ్రద్ధగా పోల్చినా ఫలితం ఉండదు.

రెక్కలోని గళ్లు లెక్కపెట్టడం

రెక్క పొర మీద ఈనెలు పరుచుకుని, వాటి మధ్య గళ్లు ఏర్పడతాయి. ఏ ఈనె ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, ఎన్ని గళ్లు ఉన్నాయో అన్నది ప్రజాతిని బట్టి దాదాపు స్థిరంగా ఉంటుంది. వాటిలో మనకు అన్నిటికన్నా ఎక్కువగా అక్కరకు వచ్చేవి రెక్క కొస దగ్గర, ముందు అంచుకు చేరువగా ఉండే సబ్‌మార్జినల్ గళ్లు. వీటిని ఇక్కడ ఉపాంత గళ్లు అంటాను.

లెక్కపెట్టే తీరు ఇది. ముందు రెక్క కొసను గుర్తించండి. దానికి చేరువలో ఒక పొడవాటి ఈనె రెండుగా చీలుతుంది. ఒక కొమ్మ వంపు తిరిగి ముందు అంచు వైపు పోతే, రెండోది కొస పరిసరాల్లో అంచును చేరుతుంది. చీలిక ముందరి కాండం ఆర్ 4+5, కొమ్మలు ఆర్ 4, ఆర్ 5. వీటికి ముందు వైపు చీలిక లేకుండా సాగి అంచును చేరే ఈనె ఆర్ 2+3. ఈ ఆర్ 2+3కూ ఆర్ 4కూ మధ్య ఉన్న చోటు మొదటి ఉపాంత గడి, ఆర్ 4కూ ఆర్ 5కూ మధ్య ఉన్నది రెండోది. ఈ రెండే ఉంటే విల్లా, ఆంత్రాక్స్, హెమిపెంథిస్, పోయిసిలాంత్రాక్స్ వంటి ప్రజాతుల గుంపులో ఉన్నట్టు. ఆర్ 2+3ను ఆర్ 4తో కలుపుతూ ఒక అడ్డు ఈనె ఉంటే మొదటి గడి రెండుగా తెగి మొత్తం మూడు గళ్లవుతాయి. ఈ ఎడారిలో అది ఎక్సోప్రోసోపా వైపు చూపిస్తుంది. మరో అడ్డు ఈనె కూడా చేరి నాలుగు గళ్లుంటే లిగైరా. ఈ ప్రాంతంలో కనిపించే లిగైరా గాజోఫైలాక్స్ ఇక్కడి బీ ఫ్లైలలో భారీ కాయం ఉన్న వాటిలో ఒకటి కావడంతో, దాన్ని ఒకసారి చూసి గళ్లు లెక్కపెట్టినవారికి మళ్లీ సందేహం రాదు.

ఈ లెక్క ఎంత సులువుగా ఉన్నా, దాని మీద ఒక్కదాని మీదే తీర్పు ఇవ్వకూడదు. రెండు గళ్లుండాల్సిన ఈగలో అప్పుడప్పుడు ఒక రెక్కలో అదనపు అడ్డు ఈనె పుడుతుంది. మరికొన్ని ఈగల్లో అడ్డు ఈనె పూర్తి కాకుండా ముక్కగా ఆగిపోతుంది. అందుకే రెండు రెక్కలూ చూడాలి, రెండింటిలో లెక్క తేడా వస్తే తక్కిన లక్షణాలను నమ్మాలి.

రెండో పరిశీలన ఆర్ 2+3 మొదలయ్యే చోటు. ఆంత్రాసినే ఉపకుటుంబానికి చెందిన ఆంత్రాక్స్, విల్లా, ఎక్సోప్రోసోపా వంటి వాటిలో ఈ ఈనె రెక్క మధ్యలోని ఆర్-ఎమ్ అనే చిన్న అడ్డు ఈనెకు దగ్గరలో, దాదాపు లంబకోణంలో మెలిక తిరిగి మొదలవుతుంది. అదే ఆఫీబాంటస్ వంటి చిన్న ఎడారి ఈగల్లో అంతకు చాలా ముందే, వాడిగా ఇరుకైన కోణంలో చీలుతుంది. పై నుంచి తీసిన మంచి ఫోటోలో ఈ తేడా ఒక్క చూపుకే తెలుస్తుంది. ఇసుకలో గరాటు గుంటలు చేసి చీమలను పట్టే పురుగుల మీద పరాన్నజీవిగా బతికే డిపాల్టా ప్రజాతిలో ఆర్ 2+3 పాములా మెలికలు తిరిగి ఉంటుంది. దానిని ఇంకో ప్రజాతితో పొరబడటం కష్టం.

కంటి అంచు, స్పర్శశృంగం, ముఖం

రెక్క చెప్పినదాన్ని తల బలపరచాలి. ఆంత్రాసినే ఈగల్లో సంయుక్త నేత్రపు వెనుక అంచు మధ్యలో ఒక నొక్కు ఉంటుంది. పక్క నుంచి చూస్తే కన్ను చిక్కుడు గింజలా లోపలికి వంగినట్టు కనిపిస్తుంది. బాంబిలియస్ వంటి బొద్దు ఈగల్లో ఆ అంచు నున్నగా, వంకరలు లేకుండా ఉంటుంది.

స్పర్శశృంగాన్ని చూడటానికి ముందు వైపు నుంచి తీసిన, బాగా దగ్గరి ఫోటో కావాలి. ఆంత్రాక్స్‌లో దాని కొసన కుంచెలా చిన్న రోమాల కుచ్చు ఉంటుంది. రెండు గళ్లు, నల్ల మచ్చలున్న ఈగలో ఈ కుచ్చు కనిపిస్తే ప్రజాతి తేలిపోయినట్టే. విల్లాలో మూడో భాగం అడుగున ఉబ్బి, వెంటనే సన్నని సూదిలా సాగుతుంది. కుచ్చు కనిపించలేదంటే లేదని కాదు. ఫోటో ఆ మాత్రం స్పష్టత ఇచ్చిందా అని ముందు అడగాలి. స్పర్శశృంగపు కొసలోని మెరుపు, గాలికి ఎగిరిన నూగు, ఫోకస్ దాటిన రోమం, ఇవన్నీ కుచ్చులా నటిస్తాయి.

ముఖం విషయానికి వస్తే, విల్లాలో అది గుండ్రంగా, ముందుకు పొడుచుకు రాకుండా ఉంటుంది; దానికి చాలా దగ్గరగా కనిపించే పారావిల్లాలో ముఖం శంకువులా ముందుకు వస్తుంది. ఇది పక్క నుంచి తీసిన ఫోటోలోనే తెలిసే తేడా. పై నుంచి తీసిన ఫోటో ఒక్కటే ఉన్నప్పుడు ఈ రెండింటి మధ్య ఎవరూ ఖరారు చేయలేరు, ఆ ఫోటో ఎంత బాగున్నా.

ఇక కళ్ల మధ్య దూరం ఆడా మగా అన్నది చెబుతుంది. బాంబిలియస్ మగ ఈగలో రెండు కళ్లూ తల పైన ఆనుకుని ఉంటాయి, ఆడ ఈగలో ఎడంగా ఉంటాయి. ఆంత్రాక్స్, ఎక్సోప్రోసోపా వంటి వాటిలో రెండు లింగాల్లోనూ ఎడం ఉంటుంది, మగవాటిలో అది కొంత తక్కువ. లింగం తెలియకుండా రంగులు పోల్చడం వృథా. ఆడ, మగ ఈగలకు ఉదరం కొసన నూగు వేరుగా ఉండే జాతులు ఉన్నాయి. అలాంటి చోట వేరువేరు జాతులని భ్రమపడటం సులభం.

బొద్దు రకాలు

వసంతంలో బ్రిటిల్‌బుష్ పూల మీద, శరత్తులో రాబిట్‌బ్రష్ పూల మీద కనిపించే గుండ్రని, ఉన్నిబంతి వంటి బీ ఫ్లైలకు వేరే ప్రశ్నలు వేయాలి. వీటి రెక్కల మీద చాలాసార్లు మచ్చలే ఉండవు, ఒంటి నూగు ఏదో ఒక లేత పసుపు రంగులో ఉంటుంది. కాబట్టి ఇక్కడ రంగును ఆశ్రయించే దారి మొదటే మూసుకుపోతుంది. అది ఒక విధంగా మంచిదే.

మొదట కంటి వెనుక అంచు. బొద్దు ఈగ, పొడవాటి తొండం, కానీ కంటి అంచులో నొక్కు ఉంటే అది హెటెరోస్టైలమ్ కావచ్చు. ఉప్పు నేలల్లో గూడు కట్టే ఆల్కలీ తేనెటీగల గూళ్లను నాశనం చేసే హెటెరోస్టైలమ్ రోబస్టమ్ ఈ ప్రజాతిదే. అంచు నున్నగా ఉంటే రెక్క వైపు వెళ్లాలి. ఆర్ 5కు వెనుక, రెక్క కొస దిగువన ఉన్న పొడవాటి గడి అంచు వరకు తెరిచి ఉందా, లేక అంచును చేరకముందే మూసుకుపోయిందా అన్నది చూడాలి. బాంబిలియస్‌లో అది మూసుకుని, ఒక చిన్న కాడతో అంచును చేరుతుంది. శరత్కాలంలో ఎక్కువగా కనిపించే లోర్డోటస్‌లో అది తెరిచే ఉంటుంది. ఆ గడి మూసుకుని ఉంటే, రెక్క మొదట్లో పక్కపక్కన ఉన్న రెండు పొడవాటి మూల గళ్లను పోల్చాలి. ముందు గడి వెనుక గడి కన్నా స్పష్టంగా పొడవుగా ఉంటే బాంబిలియస్, రెండూ దాదాపు సమానంగా ముగిస్తే సిస్టోఇకస్ లేదా అనాస్టోఇకస్. ఈ చివరి రెండింటి పిల్లపురుగులు మిడతల గుడ్ల గుంపులను తిని పెరుగుతాయి. కనుక మిడతలు విపరీతంగా పెరిగిన ఏడాది తర్వాత ఇవి ఎక్కువగా కనిపిస్తే ఆశ్చర్యపడనక్కరలేదు.

మూల గళ్లు చూడాలంటే రెక్క మొదలు కనిపించాలి. బొద్దు ఈగల్లో అక్కడే నూగు దట్టంగా ఉంటుంది. రెక్కలు వెనక్కి ముడిచిన ఫోటోలో ఈ పరీక్ష సాధ్యం కాదు.

జెరాన్, టాక్సోఫోరా వంటి గూని వీపు రకాలు ఆకారంతోనే తెలిసిపోతాయి కాబట్టి వాటి మీద ఎక్కువ చెప్పనక్కరలేదు. ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల మైథికోమైయిడే ఈగలను కుటుంబం దగ్గరే ఆపేయడం న్యాయం. సూక్ష్మదర్శిని లేకుండా వాటి పేరు చెప్పేవారిని నేను నమ్మను.

ఇప్పుడు రంగు

ప్రజాతి తేలిన తర్వాత రెక్క మచ్చలు నిజంగా పనికొస్తాయి, కాని వాటిని చూసే తీరు మార్చుకోవాలి. ‘రెక్కలో సగం నలుపు’ అన్న వర్ణన దేనికీ చాలదు. నలుపు ఏ గడిని పూర్తిగా నింపింది, ఏ అడ్డు ఈనె దగ్గర ఆగింది, రెక్క నడుమ ఉండే మధ్యగడిలో ఎంత దూరం వచ్చింది, కొస దగ్గర విడిగా ఇంకో మచ్చ ఉందా, ఆ మచ్చ అంచును తాకుతోందా, ఇలా ఈనెలను హద్దురాళ్లుగా పెట్టుకుని చెప్పాలి. ఎక్సోప్రోసోపాలో జాతులను ఒకదాని నుంచి ఇంకోదాన్ని విడదీసేది తరచుగా ఇలాంటి చిన్న కొలతలే. రంగు ముదురుదనం మాత్రం ఎండతో, వయసుతో, కెమెరాతో మారుతుంది కనుక దానికి విలువ తక్కువ. థైరిడాంత్రాక్స్‌లో ముదురు రంగు మధ్య కిటికీల వంటి తేటగళ్లు ఉండటం, హెమిపెంథిస్‌లో ముదురు భాగానికీ తేట భాగానికీ మధ్య హద్దు మెట్లుమెట్లుగా, కోసినట్టు ఉండటం గమనించదగ్గవి.

ఉదరం మీద పొలుసులు, నూగు పట్టీలు అంతకన్నా నమ్మలేనివి. కొత్తగా వెలువడిన ఈగలో తెల్లగా మెరిసే పట్టీ రెండు వారాల్లో పూర్తిగా రాలిపోవచ్చు. రెక్క అంచు చిరిగి ఉందా అని చూడండి. చిరిగి ఉంటే ఈగ పాతబడిందనీ, ఉదరం మీద పట్టీ లేకపోవడం సాక్ష్యంగా పనికిరాదనీ అర్థం.

పరిమాణం కూడా ఇలాంటిదే. బీ ఫ్లై పిల్లపురుగు ఇంకో కీటకాన్ని తిని పెరుగుతుంది. తిన్నది పెద్దదైతే ఈగ పెద్దదవుతుంది, చిన్నదైతే చిన్నది. ఒకే జాతిలో ఒకటి ఇంకోదానికి రెండింతల పొడవు ఉన్నా వింత లేదు. అందువల్ల ‘నాది చిన్నగా ఉంది, కనుక వేరే జాతి’ అన్న వాదన నిలవదు.

ఒక ఫోటోను చదివి చూద్దాం

సెప్టెంబరులో టూసాన్ పక్కన సాగ్వారో నేషనల్ పార్క్ అంచున తీసిన ఫోటో ఒకటి ఉందనుకోండి. ఇసుక మీద ఈగ, రెక్కలు చాపి ఉంది, ముందు సగం గోధుమ రంగు, వెనుక తేట, కొస దగ్గర ఒక మచ్చ. పోయిసిలాంత్రాక్స్ అని చెప్పడానికి నోరు ఊరుతుంది, ఎందుకంటే గోధుమ రంగు రెక్కలు, పట్టీల ఉదరం ఆ ప్రజాతిలో చాలా జాతులకు ఉంటాయి. ఆగి, కొస దగ్గరి చీలికను వెతికితే ఆర్ 4కూ ఆర్ 2+3కూ మధ్య ఒక పొట్టి అడ్డు ఈనె కనిపిస్తుంది. ఎడమ రెక్కలో ఉంది. కుడి రెక్కలో అదే చోట మెరుపు పడి తెలియడం లేదు. ఇంకో ఫోటో తెరిస్తే కుడి రెక్కలోనూ ఉంది. అంటే మూడు గళ్లు. పోయిసిలాంత్రాక్స్ పక్కకు పోయింది, ఎక్సోప్రోసోపా ముందుకు వచ్చింది. కంటి అంచులో నొక్కు ఉంది, ఆర్ 2+3 లంబకోణంలో మొదలైంది, రెండూ ఎక్సోప్రోసోపాకు సరిపోతాయి.

ఇక్కడి నుంచే జాతి ప్రశ్న. అరిజోనాలో నమోదైన ఎక్సోప్రోసోపా జాతుల జాబితా తీసుకుని, కొస మచ్చ విడిగా ఉండటం, మధ్యగడిలో రంగు ఎంతవరకు వచ్చింది, ఉదరం మీద లేత నూగు ఏ ఖండాల మీద ఉంది అన్న మూడు ప్రశ్నలకు ఒక్కొక్క జాతిని నిలబెట్టాలి. ఎక్సోప్రోసోపా కాలిప్టెరా, ఎక్సోప్రోసోపా డోర్కాడియన్ వంటి విస్తారంగా కనిపించే జాతులతో మొదలుపెట్టడం సహజమే, కాని అవి తేలిగ్గా కనిపించడమే అవి కావడానికి సాక్ష్యం కాదు. రెండు జాతులు మిగిలితే రెండింటి పేర్లూ రాసి, ఏ లక్షణం కనిపిస్తే తేలుతుందో పక్కనే రాసిపెట్టుకోవాలి. తర్వాతి ఏడాది అదే చోటికి వెళ్లినప్పుడు ఏ కోణంలో తీయాలో అప్పుడు తెలుస్తుంది.

ఊరు, తేదీ, మొక్క

ఫోటోలో లేని ఆధారాలు కొన్నిసార్లు ఫోటోలోని వాటి కన్నా బలమైనవి. తుమ్మెదలు తొలిచిన కర్ర దూలం చుట్టూ తిరుగుతున్న పెద్ద నల్ల బీ ఫ్లై అంటే జెనాక్స్‌ను ముందుగా పరిశీలించాలి, ఎందుకంటే దాని పిల్లపురుగులు తుమ్మెద గూళ్ల మీదే బతుకుతాయి. పంట చేల పక్కన కనిపించే పోయిసిలాంత్రాక్స్‌కు లద్దె పురుగు కుటుంబపు గొంగళులు ఆహారం. ఆడ ఈగ ఉదరం కొసను ఇసుకలో ఆనించి వణికిస్తుంటే, అది గుడ్లకు పూయడానికి ఉదరం చివరి గదిలో ఇసుక నింపుకుంటోందన్న మాట. ఆ దృశ్యం లింగాన్ని ఖాయంగా చెబుతుంది.

నేల రకం ఎంత ముఖ్యమో చూపడానికి బీ ఫ్లై కాని ఒక ఈగను చెప్పుకోవాలి. కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినో, రివర్‌సైడ్ కౌంటీల్లో మిగిలిన, డెల్హీ అనే పేరున్న ఇసుక నేలల మీద మాత్రమే ఉండే రాఫియోమిడాస్ టెర్మినేటస్ అబ్డామినాలిస్‌ను 1993లో అమెరికా అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జాతుల చట్టం కింద చేర్చారు. ఆ చట్టపు రక్షణ పొందిన మొదటి ఈగ అదే. అలాంటి ఉపజాతి విషయంలో ఏ ఇసుక మీద కనిపించిందన్నది ఈగ ఒంటి మీది లక్షణంతో సమానమైన సాక్ష్యం. కనుక చోటు, తేదీ, వాలిన మొక్క ఫోటోతో పాటే నమోదు చేయాలి. అయితే ఇది కూడా ఒక సాక్ష్యమే. ఒక జాతి ఆ జిల్లాలో ఎన్నడూ నమోదు కాలేదంటే, అక్కడ ఎవరూ వెతకలేదని కూడా అర్థం కావచ్చు.

బీ ఫ్లైలు కానివి

ఇసుక మీద కూర్చుని ఇతర కీటకాలను పట్టే రాబర్ ఫ్లైలలో ఎఫెరియా ప్రజాతి ఈ ఎడారిలో విరివిగా ఉంటుంది. ఆడదానికి ఉదరం చివర కత్తి అలుగులా చదునైన పొడవాటి గుడ్లు పెట్టే అవయవం, చాలా జాతుల మగవాటికి వెండిలా తెల్లని ఉదరం కొస, ఉబ్బిన జననాంగాలు ఉంటాయి. ప్రాక్టకాంథస్ ఆడ ఈగకు అదే చోట ఇసుక తవ్వే ముళ్ల వలయం ఉంటుంది. ఎఫెరియాలో జాతిని తేల్చడానికి మగ ఈగ ఉదరం కొసను పక్క నుంచి, తొడల రంగు కనిపించేలా తీసిన ఫోటో కావాలి. పై నుంచి తీసిన ఫోటోతో ఆ ప్రజాతిలో ముందుకు పోవడం దాదాపు అసాధ్యం. బీ ఫ్లైకి మొదట కావలసిన కోణం దీనికి ఆఖరున కావాలి.

నారింజ రంగు రెక్కలు, నల్లని ఒళ్లుతో టరాంటులా హాక్ కందిరీగను అనుకరించే మైడాస్ ఈగను స్పర్శశృంగమే పట్టిస్తుంది: కందిరీగకు అది పొడవుగా సన్నగా ఉంటే, మైడాస్‌కు కొసన గదలా ఉబ్బి ఉంటుంది. ఇసుక దిబ్బల మీద కనిపించే ఏపియోసెరాకు నోటి పక్కన గరిటెల వంటి చదునైన పాల్ప్‌లు అనే చిన్న అవయవాలు ఉంటాయి.

పేరు ఎక్కడ ఆపాలి

ఐనాచురలిస్ట్ వంటి వేదికల్లో ఫోటో పెట్టగానే యంత్రం ఒక జాతి పేరు సూచిస్తుంది. ఎక్కువగా ఫోటోలు ఉన్న జాతుల వైపు అది మొగ్గడం సహజం. అరుదుగా తీసిన జాతుల ఉనికే దానికి తెలియకపోవచ్చు. సూచనను వెతుకులాటకు మొదలుగా వాడుకోవచ్చు, తీర్పుగా మాత్రం కాదు. గళ్లు లెక్కపెట్టి దానితో సరిపోతేనే ఒప్పుకోవాలి. విల్లా ప్రజాతిలో చాలా జాతులను పట్టుకున్న ఈగ జననాంగాలు కోసి చూస్తే తప్ప విడదీయలేరు, కాబట్టి అక్కడ ‘విల్లా, జాతి తేలలేదు’ అని రాయడమే పూర్తి సమాధానం. తప్పు జాతి పేరుతో నమోదైన ఒక ఫోటోను చూసి తర్వాతివారు తమ ఫోటోలకు అదే పేరు పెడతారు. ఆ తప్పును ఆ తర్వాత తీసేయడం పెట్టినంత సులభం కాదు. నమోదు చేసేటప్పుడు పేరుతో పాటు కారణం ఒక్క వాక్యంలో రాయాలి: రెండు రెక్కల్లోనూ మూడు ఉపాంత గళ్లు, కంటి అంచులో నొక్కు, మగ ఈగ, రెక్క కొసలు చిరిగి ఉన్నాయి, అని. అలా రాస్తే పేరు తప్పని తర్వాత ఎవరైనా చెప్పినా, చూసినది వృథా పోదు.

ఇదే పద్ధతి భారతదేశపు పొడి నేలల్లోనూ పనిచేస్తుంది, ఎందుకంటే కొన్ని ప్రజాతులు రెండు చోట్లా ఉన్నాయి. థార్ ఎడారి కీటకాలను అధ్యయనం చేసే జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ప్రాంతీయ కేంద్రం జోధ్‌పూర్‌లో ఉంది. ఆంత్రాక్స్, ఎక్సోప్రోసోపా ప్రజాతులు మన దేశంలోనూ ఉన్నాయి, నాలుగు గళ్ల లిగైరాకు చెందిన లిగైరా టాంటలస్ కూడా ఉంది. అనంతపురం ఎర్రనేలల మీద రెక్కలు చాపి కూర్చున్న నల్లటి ఈగ కనిపిస్తే, జాతుల జాబితా మారుతుంది గాని ప్రశ్నల వరుస మారదు: కొస దగ్గరి చీలిక, గళ్ల లెక్క, ఆర్ 2+3 మొదలు, కంటి అంచు, స్పర్శశృంగపు కొస, ఆపైన రంగు.